డాడీ గదిలో ఊపిరి

తండ్రి గది తలుపు మీద చెయ్యి వేసిన హెన్రీని పోయిన వారం అక్కడే నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఈపాటికి చెయ్యి లాగుతూ ఉంటుంది. అతన్ని లోపలికి పంపే ముందు, కథ మధ్యలో వచ్చి కలిసినవారి కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం.

హెన్రీ పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఊదుతాడు. బ్యాండు దుకాణం గౌలిగూడలో, ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో. భార్య జెర్లిన్ బషీర్‌బాగ్‌లో చిన్నపిల్లల బళ్ళో టీచరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊళ్ళోవాళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది గాని, ఇంట్లో దిద్దించడానికి ఎవరూ లేరు. ఉపవాస ప్రార్థనలూ, రక్తపరీక్షలూ, స్కానింగులూ అన్నీ ఆమె వంతే అయ్యాయి. చివరికి ఎవరికో బుద్ధి పుట్టి హెన్రీని పరీక్ష చేస్తే, లోపం అక్కడ బయటపడింది. వీర్యకణాలు తక్కువ, అందులో చురుకైనవి మరీ తక్కువ. ఆ పరీక్ష చేసిన డాక్టరే హెన్రీ నోరు తెరిచినప్పుడల్లా వచ్చే వాసన గమనించి, ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు.

ఆబిడ్స్‌లో ఒక పాత భవనం, పై అంతస్తులో క్లినిక్. డాక్టర్ కేథరిన్ అతని చిగుళ్ళు చూసింది. చిగుళ్ళ నిండా చీము, కింది వరస ముందు పళ్ళు రెండు ఊగుతున్నాయి. "చిగుళ్ళ జబ్బు ఉన్న మగవాళ్ళలో కౌంట్ తక్కువగా కనిపిస్తోందని ఈమధ్య కొందరు రాస్తున్నారు. ఇదే కారణమని నేను ఒట్టు వెయ్యలేను. కానీ నోట్లో ఇన్నేళ్ళ పుండు పెట్టుకుని మిగతా ఒళ్ళు బాగుండాలంటే ఎలా? ముందు దీని సంగతి చూద్దాం," అంది. ఏం పని చేస్తారని అడిగితే హెన్రీ "ప్రైవేటు ఆఫీసులో" అన్నాడు. పక్కనున్న జెర్లిన్ అతని మొహం చూసి ఊరుకుంది. పెళ్ళిళ్ళలో బ్యాండువాళ్ళకు అందరూ తిని లేచాక ఆఖరి బంతిలో వడ్డిస్తారు. ఆ బంతిలో కూర్చుని కూర్చుని, హెన్రీ తన పని పేరు నలుగురిలో చెప్పుకోవడం ఎప్పుడో మానేశాడు.

అబద్ధం చిన్నదే. కాని ఆ రెండు పళ్ళూ పోతే పెదవికి ఆసరా పోతుంది, ట్రంపెట్ పోతుంది. ఉంచుకుంటే చీము ఉంటుంది, బిడ్డ మీద ఆశ సన్నగిల్లుతుంది. ఆ మాట డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లోనూ పైకి అనలేదు. చికిత్స రేపటి నుంచి మొదలు.

ఆ రోజు వాళ్ళతో పాటు హెన్రీ తల్లి విక్టోరియా కూడా ఆబిడ్స్ దాకా వచ్చింది. భవనం మెట్ల దగ్గర ఆగిపోయి, ఒక్క మెట్టు కూడా ఎక్కనంది. కాళ్ళ నొప్పులనుకున్నారు. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో చప్పుడు మొదలైంది.

చప్పుడంటే పెద్దదేం కాదు. దీపాలు పెట్టే వేళ, చనిపోయిన హెన్రీ తండ్రి ఇజ్రాయేల్ గదిలో నుంచి 'ఫూ' అని ఒక ఊపిరి. ట్రంపెట్‌లో ఊది, స్వరం పలకక వట్టి గాలే బయటికి వచ్చినట్టు. ఈ ఊపిరి హెన్రీకి కొత్త కాదు. చిన్నప్పుడు, తండ్రి బతికున్న రోజుల్లో, ఆ గది తలుపు మూసి ఉంటే రోజూ వినేవాడు. తండ్రి పోయి పద్దెనిమిదేళ్ళయింది. పోయినవాళ్ళు తిరిగి రారని ఆదివారం చర్చిలో గట్టిగానే నమ్ముతాడు హెన్రీ. సాయంత్రాలు మాత్రం ఆ నమ్మకం అతని దగ్గర నిలవడం లేదు.

ఇక తలుపు తెరవనిద్దాం.

లోపల దీపం లేదు. కిటికీలో నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండు వెలుతురు ఎర్రగా, పచ్చగా గోడ మీద పడుతోంది. మైకులో ఎవరో అనౌన్స్ చేస్తున్నారు, నీలం స్వెట్టర్ వేసుకున్న బాబు తప్పిపోయాడట, తల్లిదండ్రులు ఎక్కడున్నా ఆఫీసు దగ్గరికి రావాలట. ఆ వెలుతురులో, ఇజ్రాయేల్ పడుకునే ఇనప మంచం మీద ఒక ఆకారం కూర్చుని ఉంది. రెండు చేతులతో ట్రంపెట్ పట్టుకుని ఉంది. బుగ్గలు పొంగాయి. ఫూ అని గాలి వచ్చింది.

 హెన్రీ రెండు చేతులతో తలుపు పట్టుకున్నాడు. అప్పుడు గోడ మీద వెలుతురు పచ్చగా మారి, తెల్ల చీర కనిపించింది.

"మమ్మీ," అన్నాడు.

విక్టోరియా ట్రంపెట్ దించి, మౌత్‌పీస్‌ను కొంగుతో తుడిచింది. దొరికిపోయినందుకు తత్తరపడలేదు. ఎప్పటికైనా వస్తాడని తెలిసినట్టే ఉంది.

"ఇన్ని దినాలు నువ్వేనా?" అన్నాడు హెన్రీ. భయం పోయిన చోట కోపం వచ్చింది. "నేను పిచ్చోన్ని అయితున్న అనుకున్న. చర్చి అయ్యగారిని పిలిచి ఇంట్ల ప్రేయర్ పెట్టిద్దామని గూడ అనుకున్న."

"పెట్టించు. నాకు గూడ ప్రేయర్‌తోని పనున్నది."

"ఏందిది మమ్మీ? నీకు ఊదస్తదా, పాడస్తదా? ఎందుకు డాడీ బాజా తీసినవ్?"

"కూసో," అంది విక్టోరియా. "రేపు నువ్వు ఆ మెట్లెక్కక ముందే చెప్దామనుకున్న. రోజు అనుకుంటున్న, రోజు మింగుతున్న."

హెన్రీ కూర్చోలేదు. తండ్రి మంచం మీద అతను ఎప్పుడూ కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ మెట్లు ఎందుకెక్కలే నువ్వు?"

"ఒకసారి ఎక్కిన. అప్పుడు గూడ గాడ పండ్ల డాక్టరే ఉండె. ముసలాయన."

హెన్రీకి తండ్రి గురించి తెలిసింది ఒక్క ముక్కే. ఇజ్రాయేల్ ఒకప్పుడు పెద్ద ట్రంపెట్ వాద్యకారుడు, కొడుకు పుట్టే ముందు బాజా మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరూ చెప్పలేదు గనక హెన్రీ తనకు తానే చెప్పుకున్నాడు. తను పుట్టడం ఆయనకు ఇష్టం లేదు. అందుకే నేర్పలేదు. హెన్రీ గౌలిగూడలో బీరయ్య ఉస్తాదు దగ్గర చేరి నేర్చుకున్నాడు. ఇంట్లో సాధన మొదలుపెడితే తండ్రి చెప్పులు తొడుక్కుని స్టేషన్‌కు వెళ్ళి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చునేవాడు. నా ఊదుడు ఆయనకు అంత చేదా అని హెన్రీ ఆ చిన్న వయసులోనే ఏడ్చాడు, తర్వాత ద్వేషించాడు. ఇప్పుడు ఆ ద్వేషం కూడా పాతబడిపోయింది.

"నీ నోట్లెకెళ్ళి డాక్టరమ్మ మైనం తీసిందన్నవ్ గద," అంది విక్టోరియా.

తీసింది నిజమే. పళ్ళు ఊగడం మొదలైనప్పటి నుంచి హెన్రీ బరాత్‌కు వెళ్ళే ముందు కొవ్వొత్తి మైనం వేళ్ళ మధ్య మెత్తగా చేసి, కింది పళ్ళ మీదా చిగురు మీదా అద్దుకునేవాడు. మౌత్‌పీస్ ఆనితే నొప్పి తెలియదు, పన్ను కదలదు. ఊరేగింపు అయ్యేసరికి మైనం కింద నెత్తురూ మెతుకులూ కలిసి కుళ్ళుతుండేవి. నోరు పుక్కిలించి, మర్నాడు కొత్త మైనం పెట్టుకునేవాడు. డాక్టర్ కేథరిన్‌తో మాత్రం నొప్పికి పెట్టుకున్నానన్నాడు. మందు అనుకున్నదే జబ్బును పెంచుతోందని ఆమె చెప్పేదాకా అతనికి తెలియదు.

"అది బీరయ్య ఉస్తాద్ నేర్పిండు," అన్నాడు.

"బీరయ్యకు నేర్పింది ఎవరనుకున్నవ్? మీ డాడీ. చర్చిల ఆరిపోయిన కొవ్వొత్తులు ఏరి జేబుల పెట్టుకొస్తుండె. పొద్దుగాల లేస్తే తలకింది మెత్త మీద నెత్తురు, ఉతికితే పోయేది కాదు."

కొడుకు నేర్చుకోకూడదని తండ్రి దాచిపెట్టిన విద్య అది. పక్కదారిన తిరిగి కొడుకు నోట్లోకే వచ్చి చేరింది. హెన్రీ ఇప్పుడు మంచం పట్టీ మీద, ఒక అంచున, కూర్చున్నాడు.

విక్టోరియా ట్రంపెట్‌ను ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఆవిడకు కథలు చెప్పే అలవాటు లేదు. కూరల ధరలు చెప్పినట్టే చెప్పుకుపోయింది.

"పెండ్లయి శాన ఏండ్లయినా నాకు కడుపు రాలే. చర్చిల ఆడోళ్ళు నాకోసం ప్రేయర్ చేస్తుండిరి. ప్రేయర్ అయినంక చాయ్ తాగుకుంట నా గురించే మాట్లాడుతుండిరి. మీ నాయినమ్మ నన్ను పేరు పెట్టి పిలుసుడు బంద్ చేసింది. అప్పుడు మీ డాడీకి ఒక పన్ను మస్తు నొస్తుండె. ఆబిడ్స్‌ల పెద్ద డాక్టరు ఉన్నడంటే ఇద్దరం పోయినం. ఆయన గ్యాస్ ఇచ్చి, మత్తుల పెట్టి పీకేటోడు. మీ డాడీని లోపట కుర్చీల పండుకోబెట్టిండు. నేను బయట బల్ల మీద కూసున్న."

"ఒక్క పన్ను గద?"

"ఒక్కటే. డాక్టరు బయటికొచ్చి పిల్లలెంత మంది అనడిగిండు. లేరు సార్ అన్న. నోరు గిట్ల కుళ్ళితే ఒంట్లె నెత్తురంత విషమైతదమ్మా, గందుకే పిల్లలు అయితలేరు, అన్నీ పీకేస్తే నెత్తురు సాఫ్ అయితది అన్నడు. మాటిమాటికి మత్తు ఇచ్చుడు మంచిది కాదంట. ఒకటి తియ్యాల్నా, అన్నీ తియ్యాల్నా, జల్ది చెప్పు అన్నడు."

ఆ కాలంలో అలా నమ్మిన డాక్టర్లు ఉండేవారు. ఏ రోగానికైనా నోరు ఖాళీ చేస్తే సరి అనుకునేవారు. ఆ ముసలాయన చెడ్డవాడు కాకపోవచ్చు. తనకు తెలిసిందే చెప్పాడు. కాని లోపల మత్తులో పడుకున్న మనిషి ఏం చేసి బతుకుతాడో అడగలేదు. బయట బల్ల మీద కూర్చున్న మనిషికి అది తెలుసు.

"నువ్వేం చెప్పినవ్ మమ్మీ?"

"అన్నీ తియ్యున్రి అన్న."

బయట మైకులో తప్పిపోయిన బాబు సంగతి మళ్ళీ చెబుతున్నారు. హెన్రీ తల్లి మొహం చూడలేక ఆవిడ చేతులు చూశాడు. ఆ చేతులు ట్రంపెట్ మీటలను నిమురుతున్నాయి.

"తెలివొచ్చినంక నాలుకతోని ఎతుక్కున్నడు," అంది విక్టోరియా. "నోట్ల ఆ మూలకు, ఈ మూలకు. ఏలు పెట్టి చూసుకున్నడు. ఇగ నా దిక్కు చూసిండు. అప్పుడన్న నేను ఏడ్వాలె గద. నేను నవ్విన బిడ్డా. పిల్లలయితరంట, అని చెప్పి నవ్విన."

 ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెన్రీకి ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వెయ్యబుద్ధి కాలేదు. రెండూ నిజమే.

"మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నడు. గంతే. తిట్టలే, కొట్టలే. తిట్టినా మంచిగుండు. ఏడాది తిరగక ముందే నువ్వు కడుపుల పడ్డవ్. నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఎత్తుకోని మస్తు ఏడ్చిండు. ఎందుకు ఏడ్చిండో నేను అడగలే. ఏం చెప్తడో అని భయం."

"కట్టుడు పండ్లు ఉండె గద ఆయనకు. గ్లాసుల పెట్టేటోడు."

"తిననీకె పనికొచ్చినయి, ఊదనీకె పనికి రాలే. పెదవి ఆనిస్తే జారిపోతుండె. అవి తీసి, దినాం సాయంత్రం ఈ గదిల కూసోని ఊది చూసేటోడు. గాలి తప్ప ఏం రాకపోయేది. ఏం చప్పుడు మమ్మీ అని నువ్వు అడిగితే, గాలి బిడ్డా అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు గద."

చిన్నప్పుడు ఆ 'ఫూ' వినిపించి దుప్పటి ముసుగేసుకున్న సాయంత్రాలు హెన్రీకి గుర్తొచ్చాయి. దయ్యమనుకుని భయపడింది బతికున్న తండ్రి ఊపిరికి. స్టేషన్ బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఆయన, కొడుకు ఊదే పాటలో తప్పులు లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటాడా, లేక చెవులు మూసుకుని ఉండి ఉంటాడా? అడగడానికి ఆయన లేడు. హెన్రీకి కళ్ళ నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"ఆయనే వద్దన్నడు. ఆఖరుకు దవాఖానల ఉన్నప్పుడు, వానికి చెప్పకు, వాడు బాజా ఎత్తినప్పుడల్ల నా నోరు యాదికొస్తది అన్నడు. ఆ సంగతి ఆయన ఎత్తింది గదొక్కసారే." విక్టోరియా ట్రంపెట్ పైకెత్తి, అందులోకి చూస్తూ అంది. "నీ పండ్లు ఊగుతున్నయన్న దినం నుంచి నాకు నిద్ర లేదు. ఆయన నోట్లెకెళ్ళి నేను తీసింది, ఇప్పుడు నీ నోట్లెకెళ్ళి తీసుకుంటున్నడేమో అనిపిస్తది. నిన్ను విడిచిపెట్టమని అడుగుదామంటే దయ్యమన్న లేదు. గీ బాజానే ఉన్నది. దీంట్ల ఆయన ఊపిరి ఏమన్న మిగిలి ఉంటదేమో అని ఊదుతున్న."

"పండ్లు పీకినందుకే ఈయన పుట్టిండని మీకెవరు చెప్పిన్రు అత్తమ్మా?"

గుమ్మంలో జెర్లిన్ నిలబడి ఉంది. బడి బ్యాగు భుజానే ఉంది, చేతిలో కొత్తిమీర కట్ట. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో మొహమే చెబుతోంది.

"ఎవరు చెప్పలే బిడ్డా," అంది విక్టోరియా. "కాదని గూడ ఎవరు చెప్పలే. పీకకపోయినా వీడు పుట్టేటోడంటే ఆయనకు నేను చేసిందేంది? పీకినందుకే పుట్టిండంటే వీనికి నేను చెప్పేదేంది? ఆలోచిస్తనే ముసల్దాన్నయిన."

 ముందుగా తేరుకున్నది హెన్రీ. లేచి దీపం వేశాడు. వెలుతురులో ఆ గది మామూలు గదిలా కనిపించింది. బియ్యం డబ్బా, క్రిస్మస్ నక్షత్రం, మడత కుర్చీ, గోడ మీద తండ్రి ఫోటో. ఫోటోలో ఆయన మూసిన పెదవులతో ఉన్నాడు. అన్ని ఫోటోల్లోనూ అంతే.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు హెన్రీ. తల్లిని ఓదార్చాలనే అన్నాడు. "ఇప్పుడు గట్ల మత్తు ఇయ్యరు మమ్మీ. ఒక్క నోటికే ఇంజెక్షన్. నేను మెలకువగనే ఉంట. నన్ను అడగకుండ ఒక్క పన్ను గూడ ఎవరు ముట్టరు. నువ్వు ఫికర్ చెయ్యకు. ఆ రెండు పండ్లు ఉంచే ఉపాయం ఏదన్న ఉన్నదేమో డాక్టరమ్మనే చెప్తది."

"ఉన్నది," అంది జెర్లిన్.

ఇద్దరూ ఆమె వంక చూశారు. ఆమె బ్యాగు దించి కింద పెట్టింది. కొత్తిమీర మాత్రం చేతిలోనే పట్టుకుని ఉంది.

"పొద్దుగాల బడికి పోతపోత క్లినిక్‌కు పోయిన, రేపటి టైము అడుగుదామని. డాక్టరమ్మ కూసోబెట్టి చెప్పింది. ఆ రెండు పండ్లు పక్క పండ్లకు తీగతోని కట్టి కొన్ని నెలలు చూడొచ్చంట. నిలిస్తే నిలుస్తయంట. గని వాటి కింద ఎముక కరిగింది, అవి ఉన్నంత సేపు చీము జల్ది పోదంట. తీసేస్తే చిగురు తొందరగ మానుతదంట."

"మరి?"

"ఏది చేసినా తప్పు లేదు, మనిషిని బట్టి చేస్తమన్నది. మీ ఆయనది ఆఫీసు పనే కద, తీసి కొత్తవి పెడితే ఎవరికీ తెలియదు, రేపు ఆయనకు అదే చెప్తా అన్నది. ఇగ లేచి వస్తుంటే మల్ల పిలిచింది. ఆయనకు ఆ పళ్ళతో పనేమైనా ఉందా అని అడిగింది. పాడటం, ఊదటం అట్లాంటివి ఏమన్నా, అని."

 కాసేపటి క్రితం తల్లిని అడిగిన మాటే హెన్రీ ఇప్పుడు భార్యను అడిగాడు.

"నువ్వేం చెప్పినవ్?"

జెర్లిన్ అతని వంక చూడలేదు. మంచం మీద ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అత్తను చూసింది.

"ఏం లేదు డాక్టరమ్మా అన్న," అంది. "నాకు ముప్పై ఆరు నిండినయి అత్తమ్మా. కొన్ని నెలలు చూద్దామంటే నా పానం ఒప్పలే."

విక్టోరియా ట్రంపెట్ తీసి పక్కన పెట్టింది. తర్వాత మంచం మీద కొంచెం జరిగి, కోడలికి చోటిచ్చింది.

జెర్లిన్ కూర్చోలేదు. "నువ్వు ఆఫీసన్నవ్, నేను కాదనలే," అంది హెన్రీతో. "రేపు ఆ కుర్చీల కూసున్నంక అసలు పనేందో చెప్తవా, చెప్పవా? ఇప్పుడే చెప్పు. నేను మాత్రం నా నోటితోని చెప్ప."

ఎగ్జిబిషన్‌లో మైకు ఆగిపోయింది. ఆ బాబు దొరికాడో లేదో ఎవరూ చెప్పలేదు. హెన్రీ వంగి తండ్రి ట్రంపెట్ అందుకుని, మౌత్‌పీస్ పెదవులకు ఆనించాడు. లోపల నాలుకతో ఆ రెండు పళ్ళనూ తాకి చూశాడు. రెండూ కదిలాయి.